గదులు ఖాళీ చేసిన ఇల్లు: ఎర్ర రక్తకణం నేర్పే జీవశాస్త్రం

రక్తదాన శిబిరంలో ఒక దాత నుంచి సాధారణంగా 350 మిల్లీలీటర్ల రక్తం తీస్తారు. ఒక్కో మైక్రోలీటరులో అటూ ఇటూగా 50 లక్షల ఎర్ర కణాలుంటాయి. అంటే ఆ ఒక్క సంచిలో లక్షన్నర కోట్లకు పైగా కణాలున్నట్టు లెక్క. శిబిరాలకు, మందులకు, వైద్య సహాయానికి చందాలిచ్చే మీరు ఆ సంచిని చాలాసార్లు చూసే ఉంటారు. అందులో ఉన్న కణం లోపల ఏముందో, అంతకంటే ముఖ్యంగా ఏమి లేదో తెలిస్తే, మనమిచ్చే రూపాయి ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ సగంలో ఆగిపోతుందో కూడా తెలుస్తుంది. ఈ వ్యాసం ఉద్దేశం అదే.

బడిలో మనమంతా జీవకణం బొమ్మ గీశాం. మధ్యలో కేంద్రకం, చుట్టూ చిక్కుడు గింజల్లాంటి మైటోకాండ్రియాలు, చుక్కల్లా రైబోజోములు, మడతలు పడిన అంతర్జీవద్రవ్య జాలకం, పళ్ళాలు పేర్చినట్టుండే గాల్జీ, అక్కడక్కడ లైసోజోములు. పేర్లు బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నాం, మరచిపోయాం. ఒక వస్తువు విలువ అది లేనప్పుడే తెలుస్తుందని ఇంట్లో ఆడవాళ్ళు అంటుంటారు. కణం విషయంలోనూ అంతే. మన శరీరంలో ఎర్ర రక్తకణం ఈ కణాంగాలన్నిటినీ తనంతట తాను వదులుకుని, ఒట్టి సంచిలా బతుకుతుంది. అది ఏది వదులుకుంటే ఏమి పోగొట్టుకుందో చూస్తే, ఏ కణాంగం ఏ పని చేస్తుందో బొమ్మ కంటే బాగా అర్థమవుతుంది.

1665లో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ బెరడు ముక్కలో చిన్న చిన్న గదులు చూసి వాటికి 'సెల్' అని పేరు పెట్టాడు. సెల్ అంటే చిన్న గది. ఆయన చూసినవి చచ్చిన గదుల గోడలు మాత్రమే. మరో తొమ్మిదేళ్ళకు డచ్చి దేశపు బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ తన సొంత భూతద్దంతో రక్తంలోని గుండ్రటి రేణువులను వర్ణించాడు. గదుల లోపలి సామాను కనబడడానికి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని రావలసి వచ్చింది. రైబోజోములను జార్జ్ పలాడే గమనించింది 1955 ప్రాంతంలో. అంటే ఇది మన తండ్రుల కాలపు సంగతి.

నిండుగా ఉన్నప్పుడు

ఎర్ర కణం పుట్టేది ఎముకల్లోని మూలుగలో. నల్లీ నిహారీ తినేవారికి మూలుగ కొత్త కాదు. కాకపోతే ఆ గొట్టపు ఎముకలో మనం చూసేది చాలావరకు కొవ్వు నిండిన పసుపు మూలుగ. పెద్దవాళ్ళలో రక్తం తయారయ్యే ఎర్ర మూలుగ వెన్నుపూసలు, రొమ్ము ఎముక, పక్కటెముకలు, కటి ఎముకల్లో ఉంటుంది. అక్కడ సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్ర కణాలు తయారవుతున్నాయి. మీరు ఈ వాక్యం చదివేలోపు కోటి దాటిపోయాయి.

మూలుగలో ఎర్ర కణం బాల్యదశ చూస్తే అది పాఠ్యపుస్తకంలోని బొమ్మే. పెద్ద కేంద్రకం ఉంటుంది. అందులో డి.ఎన్.ఏ. మొత్తం కుటుంబపు దస్తావేజుల పెట్టె అది. అసలు దస్తావేజును ఎవరూ బజారుకు తీసుకెళ్ళరు కదా, నకలు తీసుకెళతారు. కణం కూడా అంతే చేస్తుంది. హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసు ఎలా తయారు చేయాలో చెప్పే జన్యువు 11వ క్రోమోజోము మీద ఉంది. ఆల్ఫా గొలుసుకు సంబంధించినవి 16వ దాని మీద. వాటికి ఆర్.ఎన్.ఏ. రూపంలో నకళ్ళు తయారై, కేంద్రకం గోడలోని రంధ్రాల గుండా బయటికి వస్తాయి.

ఆ నకళ్ళను చదివి ప్రొటీను తయారుచేసేది రైబోజోము. బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు, ఆల్ఫా గొలుసులో 141. ఒక్కొక్కటీ వరుస తప్పకుండా గుచ్చాలి. వరుసలో ఆరో పూస ఒక్కటి మారినా ఏమవుతుందో సికిల్ సెల్ వ్యాధి చూపిస్తుంది. గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలైన్ వచ్చి కూర్చుంటుంది, అంతే తేడా. దానివల్ల ప్రాణవాయువు తగ్గినప్పుడు హిమోగ్లోబిన్ బిరుసెక్కి కణం కొడవలిలా వంగుతుంది, సన్నని నాళాల్లో ఇరుక్కుంటుంది, భరించలేని నొప్పులు వస్తాయి. తప్పు చేసింది రైబోజోము కాదు. అది తనకిచ్చిన నకలు ఉన్నది ఉన్నట్టు చదివింది. తప్పు అసలు దస్తావేజులోనే ఉంది.

గాల్జీ గురించి పుస్తకాలు 'ప్యాకింగు విభాగం' అని ఒక మాట చెప్పి వదిలేస్తాయి. రక్తదాతలకు దానితో దగ్గర సంబంధమే ఉంది. మన ఎ, బి, ఓ గ్రూపులు రాసేది అక్కడే. కణం పైపొరకు వెళ్ళే కొన్ని అణువులకు చివర చక్కెర ముక్కలు అతికించే ఎంజైములు గాల్జీలో కూర్చుని ఉంటాయి. ఒక రకం ముక్క అతికిస్తే ఎ, ఇంకో రకం అతికిస్తే బి, రెండూ అతికిస్తే ఎబి. ఆ ఎంజైము పనిచేయకపోతే ఏ ముక్కా అతకదు, అది ఓ. గ్రూపు తేడా వల్ల ప్రాణాలు పోయేంత ప్రమాదం ఉన్నా, ఎ, బి గ్రూపుల మధ్య ఉన్న తేడా చివరన అతికే ఒక చక్కెర ముక్కే.

ఇక మైటోకాండ్రియా. ఆహారంలోని శక్తిని కణం వాడుకోగలిగే చిల్లరగా మార్చేది ఇదే. ఆ చిల్లర పేరు ఎ.టి.పి. ఈ పదార్థాన్ని 1929లో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి కనుగొన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. సుబ్బారావు గారి పేరు మన పిల్లల్లో ఎందరికి తెలుసో అడిగి చూడండి.

మైటోకాండ్రియాకు సొంతంగా 37 జన్యువులున్న చిన్న డి.ఎన్.ఏ. ఉంది, అది తల్లి నుంచి మాత్రమే వస్తుంది. ఎర్ర కణం బాల్యంలో దానికి మరో పని కూడా ఉంది. హిమోగ్లోబిన్‌కు ఎర్రదనాన్నిచ్చే హీమ్ అనే భాగం ఎనిమిది మెట్లలో తయారవుతుంది. మొదటి మెట్టు, చివరి మూడు మెట్లు మైటోకాండ్రియా లోపల, నడుమ నాలుగు బయట జరుగుతాయి. ఇనుమును హీమ్‌లో కూర్చేది ఆఖరి మెట్టులో. ఇనుము లేకపోతే పని అక్కడ ఆగిపోతుంది, కణం చిన్నదిగా, పాలిపోయి బయటికొస్తుంది. మన ఆడపిల్లల్లో ఇంత ఎక్కువగా కనబడే రక్తహీనతలో పెద్ద భాగం ఇదే.

ఖాళీ చేయడం

తయారీ పూర్తి కావచ్చే సమయానికి కణం లోపల హిమోగ్లోబిన్ నిండిపోతుంది. అప్పుడు కేంద్రకాన్ని ఒక మూలకు నెట్టి, కొద్దిపాటి పొర చుట్టి, బయటికి తోసేస్తుంది. పక్కనే కాచుకుని ఉన్న భక్షక కణం దాన్ని మింగేస్తుంది. మైటోకాండ్రియాల పని ఇంకోలా ముగుస్తుంది. వాటిని సంచుల్లో కట్టి లైసోజోములకు అప్పగిస్తారు. లైసోజోములంటే కణంలోని జీర్ణాశయాలు. మన తెలుగు పాఠ్యపుస్తకాలు వీటిని 'స్వయం విచ్ఛిత్తి సంచులు' అన్నాయి. ఆ పేరు వింటే ఏదో ఆత్మహత్య వ్యవహారం అనిపిస్తుంది కానీ, రోజువారీ వాటి పని పాత సామాను విడగొట్టి పనికొచ్చే ముక్కలు తిరిగి ఇవ్వడం. కణం తన సామానును తానే ఇలా జీర్ణించుకునే పద్ధతి ఎలా సాగుతుందో విప్పి చూపినందుకు జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ బహుమతి వచ్చింది.

కేంద్రకం పోయాక కూడా కొద్దిపాటి రైబోజోములు ఒకటి రెండు రోజులు మిగిలి ఉంటాయి. ఈ దశలోని కణాన్ని రెటిక్యులోసైట్ అంటారు. రక్తపరీక్ష కాగితంలో 'రెటిక్ కౌంట్' అని ఉండేది దీని లెక్కే. మూలుగ ఎంత చురుగ్గా పనిచేస్తోందో డాక్టరుకు చెప్పే అంకె అది. ఆ తర్వాత అవీ పోతాయి. మిగిలేది పైపొర, దానికి లోపలివైపు వలలా అల్లుకుని ఉండే స్పెక్ట్రిన్ అనే ప్రొటీను, లోపల సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు, కొన్ని ఎంజైములు.

ఎందుకిదంతా? లోపల చోటు దొరుకుతుంది. ఒక్కో హిమోగ్లోబిన్ నాలుగు ప్రాణవాయు అణువులను మోస్తుంది కనుక, ఒక్క కణం వంద కోట్లకు పైగా మోయగలదు. కేంద్రకం లేని సంచి మెత్తగా మడతపడుతుంది, తన వెడల్పు కంటే సన్నని నాళంలోంచి కూడా దూరి వెళుతుంది. మైటోకాండ్రియా లేదు కనుక మోస్తున్న ప్రాణవాయువును దారిలో తాను వాడుకోదు. సరుకు మోసే కూలీ మూటలోంచి ఒక్క గింజ కూడా తీసుకోనట్టు. అలాగని ఇదొక్కటే మార్గమని అనుకోకూడదు. కోడి, చేప, కప్పల ఎర్ర కణాల్లో కేంద్రకం ఉంటుంది, వాటి బతుకు బాగానే సాగుతోంది. ఒంటె కణాల్లో కేంద్రకం ఉండదు కానీ అవి గుండ్రంగా కాక కోలగా ఉంటాయి.

దస్తావేజుల పెట్టె పారేసినందుకు చెల్లించే మూల్యం మాత్రం పెద్దది. ఎర్ర కణం విభజన చెందలేదు. పైపొర చిరిగితే కొత్త ప్రొటీను చేసుకోలేదు. పుట్టినప్పుడు వెంట తెచ్చుకున్న సామానుతోనే సుమారు 120 రోజులు నెట్టుకు రావాలి. అరిగిపోయాక ప్లీహం, కాలేయంలోని భక్షక కణాలు దాన్ని పట్టుకుని విడగొట్టి, ఇనుమును మళ్ళీ మూలుగకు పంపుతాయి. శక్తి కోసం గ్లూకోజును ప్రాణవాయువు లేకుండానే విరుచుకుని కొద్దిపాటి ఎ.టి.పి. సంపాదించుకుంటుంది. దాత రక్తం తీసే సంచిలో ముందుగానే పోసి ఉండే ద్రవంలో గ్లూకోజు ఉండేది అందుకే. ఎడినైన్ కూడా కలిపిన ద్రవం వచ్చాక నిలవ కాలం పెరిగింది. ఫ్రిజ్‌లో 2 నుంచి 6 డిగ్రీల మధ్య, ద్రవాన్ని బట్టి 35 లేదా 42 రోజులు. ఆ గడువు దాటితే పారేయాల్సిందే. కాబట్టి ఒకే రోజున వెయ్యి సంచులు సేకరించి ఫోటోలు తీయించుకునే శిబిరం కంటే, ఏడాది పొడవునా నెలకు వంద సంచులిచ్చే శిబిరమే రోగికి ఎక్కువ ఉపయోగం. వేసవి సెలవుల్లో కాలేజీలు మూసినప్పుడు రక్తనిధులు ఎలా వెలవెలబోతాయో తెలిసినవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

కొత్త ప్రొటీను చేసుకోలేని బలహీనత వల్లే వచ్చే మరో ఇబ్బంది జి-6-పి-డి లోపం. ఈ పేరు గల ఎంజైము కణాన్ని కొన్ని రసాయనాల దాడి నుంచి కాపాడుతుంది. కొందరిలో ఇది త్వరగా చెడిపోయే రకంగా తయారవుతుంది. మిగతా కణాలు పాతది పోతే కొత్తది చేసుకుంటాయి. ఎర్ర కణానికి ఆ వీలు లేదు. దీని జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది కనుక మగపిల్లల్లో ఎక్కువగా బయటపడుతుంది. మామూలుగా వీరికి ఏ జబ్బూ ఉండదు. మలేరియాకు వాడే ప్రైమాక్విన్ వంటి మందు పడినప్పుడో, బట్టల బీరువాలో వేసే కలరా ఉండల ఆవిరి సోకినప్పుడో కణాలు ఒక్కసారిగా పగిలిపోతాయి. పసికందుల్లో కామెర్లు ముదురుతాయి. పుట్టబోయే బిడ్డ కోసం ఏళ్ళ తరబడి కలరా ఉండలతో దాచిన పాత బట్టలు తీసి అలాగే చుట్టడం మన ఇళ్ళలో మామూలే. ఉతికి, ఎండలో బాగా ఆరేశాకే వాడండి. అసలు పసిపిల్లల బట్టల్లో ఆ ఉండలు వేయకపోవడమే మేలు.

తలసీమియా: ఒక గొలుసు తక్కువైతే

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన రక్తదానం తప్పక చేరవలసినవారిలో తలసీమియా పిల్లలున్నారు. 1925లో అమెరికాలో థామస్ కూలీ అనే పిల్లల డాక్టరు దీన్ని వర్ణించాడు. గ్రీకు భాషలో సముద్రానికి ఉన్న మాట నుంచి దీనికి పేరు వచ్చింది, మధ్యధరా తీరంలో ఎక్కువని. తర్వాత చూస్తే మలేరియా ఎక్కువగా ఉన్న దేశాలన్నిటిలోనూ ఉంది. కారణం లేకపోలేదు. జన్యువు ఒక్క ప్రతిలో మాత్రమే చెడినవారికి మలేరియా అంత తీవ్రంగా రాదు. ఒక రోగం నుంచి కాపాడిన జన్యువే రెండు వైపుల నుంచీ వచ్చినప్పుడు మరో రోగమవుతుంది.

బీటా తలసీమియాలో దస్తావేజు చెడిపోవడం వల్ల బీటా గొలుసులు తయారు కావు, లేదా చాలా తక్కువగా తయారవుతాయి. ఆల్ఫా గొలుసులు మాత్రం మామూలుగానే వచ్చి పడుతుంటాయి. రెండు ఆల్ఫా, రెండు బీటా కలిస్తేనే హిమోగ్లోబిన్. జత దొరకని ఆల్ఫా గొలుసులు ముద్దకట్టి, కణం పొరను పాడుచేసి, మూలుగలోనే దాన్ని చంపేస్తాయి. మూలుగ ఇంకా ఇంకా తయారు చేయబోతుంది. ముఖపు ఎముకలు ఉబ్బుతాయి, ప్లీహం పెరిగి పొట్ట ముందుకొస్తుంది. బిడ్డ పుట్టినప్పుడు ఏమీ తెలియదు, ఎందుకంటే గర్భంలో పనిచేసే హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసు ఉండదు. ఆరు నెలలు దాటాక ఆ పాతది తగ్గిపోయి కొత్తది రావలసిన సమయంలో బిడ్డ తెల్లగా పాలిపోవడం మొదలవుతుంది.

అక్కడి నుంచి రెండు వారాల నుంచి ఐదు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. జీవితాంతం.

దాతలు దయచేసి గమనించవలసింది దీని తర్వాతి లెక్క. ఒక రక్తపు సంచిలో సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మనం ఆహారం ద్వారా రోజుకు లోపలికి తీసుకునే ఇనుము ఒకటి రెండు మిల్లీగ్రాములే. అంటే మూడు నుంచి ఎనిమిది నెలల్లో చేరవలసిన ఇనుము ఆ బిడ్డకు ఒక్క పూటలో చేరుతుంది. అదనపు ఇనుమును బయటికి పంపే మార్గం మన శరీరానికి లేదు. అది కాలేయంలో, గుండెలో, హార్మోన్ల గ్రంథుల్లో పేరుకుపోతుంది. అక్కడి కణాల్లో లైసోజోములు ఇనుముతో నిండి, మైటోకాండ్రియాలు దెబ్బతింటాయి. ఎడతెగకుండా కొట్టుకోవలసిన గుండె కండరానికి మైటోకాండ్రియా ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. ఎర్ర కణం తన మైటోకాండ్రియాలను వదులుకుని బతకగలిగింది గానీ గుండె కణం బతకలేదు. రక్తం క్రమం తప్పకుండా అందినా, ఇనుము తీసే మందు అందక యౌవనంలోనే గుండె ఆగి పోయిన పిల్లలు ఎందరో.

ఇనుమును పట్టి బయటికి పంపే మందులున్నాయి. డెఫరాక్సమిన్ చర్మం కింద చిన్న పంపు ద్వారా గంటల తరబడి ఎక్కించాలి. డెఫరాసిరాక్స్, డెఫరిప్రోన్ నోటి ద్వారా తీసుకునేవి. రోజూ వాడాలి, మధ్యమధ్య ఫెరిటిన్ పరీక్ష చేయించాలి. రక్తదాన శిబిరానికి ముందుకొచ్చే చేతులు ఈ మాత్రలకు రావు. మాత్రల్లో ఫోటోకు పనికొచ్చేది ఏమీ లేదు మరి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: రక్తం ఇప్పించి ఇనుము మందు ఇప్పించకపోవడం సగం సహాయం కూడా కాదు. ఒక బిడ్డ బాధ్యత తీసుకుంటే రెండూ తీసుకోవాలి. ఈ పిల్లలకు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద వైకల్య ధ్రువపత్రం పొందే వీలుంది. కుటుంబానికి ఆ కాగితం పని చేసి పెట్టడానికి డబ్బు అవసరం లేదు, ఒక మనిషి వెంట తిరిగితే చాలు.

పూర్తిగా నయం చేసే మార్గం మూలుగ మార్పిడి. సరిపోలే తోబుట్టువు ఉండాలి. ఒక్కో తోబుట్టువు సరిపోలే అవకాశం నాలుగింట ఒకటి. కోల్ ఇండియా సంస్థ 2017 నుంచి పేద పిల్లల మార్పిడికి ఒక్కొక్కరికి 10 లక్షల రూపాయల వరకు ఇచ్చే పథకం నడుపుతోంది. దస్తావేజునే సరిదిద్దే జన్యు చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్ మొదటిసారి అనుమతినిచ్చింది. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. అది మన లెక్కల్లోకి ఇప్పట్లో వచ్చేది కాదు.

నికాహ్‌కు ముందు ఒక పరీక్ష

మన దేశంలో సగటున వందమందిలో ముగ్గురు నలుగురు బీటా తలసీమియా వాహకులని, ఏటా 10,000 నుంచి 15,000 మంది పిల్లలు ఈ వ్యాధితో పుడుతున్నారని ప్రభుత్వ ఆరోగ్య పత్రాల అంచనా. వాహకులంటే రెండు ప్రతుల్లో ఒకటి మాత్రమే చెడినవారు. వారు రోగులు కారు. నిండు జీవితం జీవిస్తారు, అన్ని పనులూ చేస్తారు. వాహకుడు కాని వారిని పెళ్ళాడితే పిల్లల్లో ఎవరికీ తలసీమియా మేజర్ రాదు. ఇద్దరూ వాహకులైతేనే చిక్కు. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండోవారికి రాదనే లెక్క చెల్లదు.

ఇక్కడ మన ఇళ్ళ సంగతి మాట్లాడుకోక తప్పదు. మామూ కూతురిని, ఫుప్పు కొడుకుని చేసుకోవడం మనలో ఉంది. మేనరికాలు తెలుగు హిందూ కుటుంబాల్లోనూ ఉన్నాయి, కాబట్టి ఇది ఒక్క సమాజపు విషయం కాదు. లెక్క మాత్రం ఇది: ఒకరు వాహకులని తేలితే, వారి తోబుట్టువు వాహకులయ్యే అవకాశం రెండింట ఒకటి. వారి అమ్మమ్మ తాతయ్యల ద్వారానో, దాదా దాదీల ద్వారానో వచ్చిన అదే జన్యువు కజిన్‌లో ఉండే అవకాశం కనీసం ఎనిమిదింట ఒకటి. బయటి సంబంధంలో అది ముప్పయింట ఒకటి ప్రాంతంలో ఉంటుంది. దగ్గరి సంబంధం ప్రతీదీ ప్రమాదమని దీని అర్థం కాదు. ఇద్దరిలో ఒకరు వాహకులు కారని తేలితే ఈ వ్యాధి వరకు భయం లేదు. పరీక్ష లేకుండా చేయడమే ప్రమాదం.

ఇరాన్ 1997 నుంచి, సౌదీ అరేబియా 2004 నుంచి పెళ్ళికి ముందు ఈ పరీక్షను తప్పనిసరి చేశాయి. సౌదీలో పరీక్ష చేయించుకోవడం తప్పనిసరి, ఫలితం చూశాక పెళ్ళి చేసుకోవాలో వద్దో మాత్రం ఆ జంట ఇష్టం.

ఇంకొక మాట. బిడ్డకు తలసీమియా అని తేలినప్పుడు మన దగ్గర నింద తల్లి మీద పడుతుంది. కోడలి పుట్టింటి రక్తం మంచిది కాదంటారు. ఈ వ్యాధి రావాలంటే తండ్రి నుంచి ఒక ప్రతి, తల్లి నుంచి ఒక ప్రతి రెండూ రావాలి. సగం సగం. ఇందులో తల్లి వాటా ఒక్క వీసం కూడా ఎక్కువ లేదు. పెళ్ళిచూపులప్పుడు పరీక్ష అడిగేటట్టయితే అబ్బాయికీ అడగాలి. ఇంకా మంచి పద్ధతి, సంబంధాలు చూడడం మొదలుపెట్టకముందే, కాలేజీ వయసులోనే చేయించి కాగితం ఇంట్లో ఉంచుకోవడం. ఫలితం ఆ కుటుంబం దాటి బయటికి పొక్కకూడదు. శిబిరం పెట్టేవారు ఈ ఒక్క జాగ్రత్త తీసుకోకపోతే ఆడపిల్లలకు మేలు బదులు కీడు చేసినవారవుతారు.

పరీక్ష తేలికైనదే. మొదట మామూలు రక్తపరీక్ష. అందులో ఎం.సి.వి. 80 కంటే, ఎం.సి.హెచ్. 27 కంటే తక్కువగా ఉంటే కణాలు చిన్నవిగా, పాలిపోయి ఉన్నాయని అర్థం. అది ఇనుము లోపం వల్ల కావచ్చు, తలసీమియా వాహకులు కావడం వల్ల కావచ్చు. ఈ రెంటికీ తేడా చూడకుండా ఏళ్ళ తరబడి ఇనుము మాత్రలు మింగుతున్న ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. తేడా తేల్చేది హెచ్.పి.ఎల్.సి. పద్ధతిలో చేసే హిమోగ్లోబిన్ ఎ2 పరీక్ష. అది 3.5 శాతం దాటితే వాహకులయ్యే అవకాశం ఎక్కువ. ఇనుము బాగా తక్కువగా ఉన్నవారిలో ఈ అంకె తగ్గి కనబడవచ్చు కనుక కాగితం డాక్టరుకు చూపించాలి. ఇదే పరీక్షలో సికిల్ సెల్ కూడా బయటపడుతుంది.

ఇప్పటికే పెళ్ళయి, ఇద్దరూ వాహకులని తెలిసిన జంటలు గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడాలి. గర్భం వచ్చాక 10 నుంచి 12 వారాల మధ్య మావి నుంచి చిన్న ముక్క తీసి బిడ్డకు వ్యాధి ఉందో లేదో చూడవచ్చు. ఆలస్యమైతే ఆ వెసులుబాటు తగ్గిపోతుంది.

పరీక్షలకు డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు ఎవరితో మొదలుపెట్టాలన్న ప్రశ్న వస్తుంది. ఒక ఇంట్లో తలసీమియా బిడ్డ ఉంటే, ఆ తల్లిదండ్రుల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, వారి ఎదిగిన పిల్లలతో మొదలుపెట్టాలి. వాహకులు దొరికే అవకాశం అక్కడే ఎక్కువ, ఒక్కో పరీక్షకు ఫలం కూడా అక్కడే ఎక్కువ. పరీక్షకు పరగడుపున రానక్కరలేదు. ఈ మధ్య ఎవరికైనా రక్తం ఎక్కించి ఉంటే మాత్రం మూడు నాలుగు నెలలు ఆగి చేయించాలి. దాత కణాలు 120 రోజుల వరకు వారి ఒంట్లో తిరుగుతూనే ఉంటాయి కనుక, ముందే చేస్తే కాగితం మీద వచ్చేది సగం దాత హిమోగ్లోబిన్ లెక్కే.